ఇంట్లో పోసిన నీళ్ళు

ఆ నర్సమ్మంటే నాకు మొదట్లో అస్సలు పడేది కాదు. కారణం చెప్పాలంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. ఆమె కట్టే తెల్లచీర ఎప్పుడూ నలిగేది కాదు. గుడికి వచ్చినా, దవాఖాన డ్యూటీకి పోయినా ఇస్త్రీ మడత చెదరకుండా నడిచేది. మా ఇంటికి రెండిళ్ళ అవతలే ఉండేది. అయినా ఏడాదిన్నరలో మేము ఒకరింటికొకరు పోయింది లేదు. ఎదురుపడితే "బాగున్నారా?" అనేది. "ఆఁ" అనేదాన్ని. అక్కడికి సరి.

దిల్‌సుఖ్‌నగర్ అప్పుడు పట్నానికి చివర. రోడ్డు పక్కన నాలుగు వరసల ఇళ్ళు, అవి దాటితే జొన్నచేలు, రాళ్ళగుట్టలు. ఇప్పుడు మెట్రో రైలు ఆగే ఎల్బీ నగర్ చోట విజయవాడ రోడ్డు తప్ప చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు. నల్లగొండ పల్లెల నుంచి మాలాంటి కతోలిక కుటుంబాలు పదో పన్నెండో వచ్చి కిరాయి ఇళ్ళల్లో చేరాయి. గుంటూరు, కృష్ణా వైపు నుంచి ఉద్యోగాల మీద వచ్చినవాళ్ళు ఇంకో ఏడెనిమిది కుటుంబాలు. నర్సమ్మ వాళ్ళలో మనిషే. అందరికీ కలిపి సరూర్‌నగర్ దగ్గర ఒక రేకుల షెడ్డే గుడి. ఆదివారం పొద్దున ఫాదర్ మోటారుసైకిల్ మీద వచ్చి పూజ చేసి పోయేవారు. కుడివైపు వాళ్ళు, ఎడమవైపు మేము కూర్చునేవాళ్ళం. ఎవరూ అలా కూర్చోమని చెప్పలేదు, అదే అలవాటైపోయింది.

అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం మొదలయ్యాక ఆ రెండు వైపుల మధ్య పలకరింపులు కూడా ఆగిపోయాయి. మా ఆయన లేత్ మిషన్ మీద పనిచేసేవాడు. చదువు చదివి, సర్కారు కొలువుకు అర్జీలు పెట్టి పెట్టి విసిగిన మనిషి. ఊరేగింపు ఉందంటే అన్నం కూడా మరిచి పోయేవాడు. ఆయన అడిగింది న్యాయమే. అప్పుడూ అదే అన్నాను, ఇప్పుడూ అదే అంటాను. కానీ సర్కారు మీద మొదలైన కోపం పక్కింటి మీదికి ఎప్పుడు మళ్ళిందో మాలో ఎవరికీ తెలియలేదు. "గా నర్సు కొలువు మన పిల్లలది. మనమేమో మిషన్ల కాడ నూనె పూసుకోవాలె, ఆమేమో తెల్లచీర కట్టుకోవాలె" అనేవాడు. తెల్లచీర మాట వినగానే నేనూ గట్టిగా తలూపేదాన్ని.

నాకు తొలి కాన్పు. పుట్టింటికి పోవాల్సిందాన్ని, బస్సులు సరిగ్గా నడవక ఆగిపోయాను. ఇంకా మూడు వారాలు గడువుందనగా ఒక బంద్ రోజున పొద్దున్నే నొప్పులు మొదలయ్యాయి. మా ఆయన అప్పటికే జెండా పట్టుకుని వెళ్ళిపోయాడు. ఇంట్లో నేనూ, మా అత్తా. రిక్షా దొరకదు, బస్సు లేదు, తెలిసిన మంత్రసాని ఉండేది సరూర్‌నగర్ చెరువు అవతల. మా అత్త కాసేపు మరియమాత పటం ముందు నిలబడింది, కాసేపు నా ముందు నిలబడింది, చివరికి చెప్పులు కూడా వేసుకోకుండా రెండిళ్ళ అవతలికి పరుగెత్తింది.

నర్సమ్మ వెంటనే వచ్చింది. కొంగు నడుముకు దోపి, మోచేతుల దాకా చేతులు కడుక్కుంది. "కంగారుపడకమ్మా, నేనున్నానుగా" అంది. ఆ మాట నమ్మాను. నమ్మడానికి వేరే ఎవరూ లేరు కూడా. మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. ఏడవలేదు.

పిల్ల ఒళ్ళు నీలంగా ఉంది. మెడకు పేగు చుట్టుకుంది. ఆమె పేగు తప్పించింది, నోట్లో వేలు పెట్టి తుడిచింది, తలకిందులుగా పట్టుకుని వీపు మీద తట్టింది, నోట్లో ఊపిరి ఊదింది. పిల్లలో కదలిక లేదు. "నీళ్ళు" అంది. మా అత్త వేడినీళ్ళ గిన్నె ముందుకు జరిపింది. "అవి కాదండీ, తాగే నీళ్ళు" అంది. కుండలో ముంచిన చెంబు అందుకుని, పిల్ల తల మీద కొంచెం, ఇంకొంచెం, మరికొంచెం పోసింది. పోస్తూ అంటున్న మాటలు నాకు వినిపించాయి. "పిత, పుత్ర, పవిత్రాత్మల నామమున నీకు జ్ఞానస్నానం ఇస్తున్నాను." పేరు కూడా పెట్టింది, ఆ క్షణాన నోటికి వచ్చిన ఒక పునీతురాలి పేరు. ప్రాణం పోయే బిడ్డకు ఫాదర్ అందకపోతే ఎవరైనా ఇలా ఇవ్వొచ్చని మాకు చిన్నప్పుడే నేర్పుతారు. అంటే నా బిడ్డ పోతోందన్నమాట. అది అర్థమై నేను గోడవైపు తిరిగాను.

ఆమె మాత్రం వదల్లేదు. మళ్ళీ వీపు రుద్దింది, అరికాళ్ళు రుద్దింది, ఊపిరి ఊదింది. ఎంతసేపో చెప్పలేను. పిల్ల ముందు పిల్లికూనలా ఒక కూత పెట్టి, ఆపైన ఇల్లెగిరిపోయేట్టు ఏడ్చింది. మేము ముగ్గురమూ ఏడ్చాం. ఆమె అంతా శుభ్రం చేసి, పిల్లను నా పక్కన పడుకోబెట్టి, నలిగి మరకలైన చీరతో ఇంటికి వెళ్ళిపోయింది. మేము ఆమెకు ఒక్క గుక్క చాయ్ కూడా ఇవ్వలేదు. ఇవ్వాలని మా అత్తకు తోచలేదు, ఇవ్వమనాలని నాకు తోచలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది.

సాయంత్రం మా ఆయన వచ్చి పిల్లను చూసి మురిసిపోయాడు. కాన్పు చేసింది ఎవరో విని ముఖం ముడుచుకున్నాడు. "మంచిగనే చేసింది, కాదంటలేను" అని మాత్రం అన్నాడు. జ్ఞానస్నానం సంగతి అత్త ఆయనకు చెప్పలేదు. ఆయన బయటికి పోయాక నా పక్కన చేరింది.

"జర నోరు మూసుకొని ఉండు బిడ్డా. గుళ్ళె మంచిగ చేయిద్దాం. పిల్లనెత్తుకొని నిలబడే జ్ఞానతల్లివి నువ్వేనని నీ ఆడిబిడ్డకు మాటిచ్చిన. గా నర్సమ్మ చేతుల జ్ఞానస్నానం అయిందంటే నీ మొగడు ఊకుంటడా?"

"తప్పు కాదా అత్తమ్మా? ఒక్కసారే ఇయ్యాలంటరు గదా."

"రెండుసార్లు పోస్తే ఏంబోతది? పిల్ల ఇంకింత సాఫ్ అయితది."

నెలరోజులు నోరు మూసుకున్నాను. నన్నెరిగినవాళ్ళకు తెలుసు, అది నాకెంత కష్టమో. ఆ నెలలోనే ఎవరో నర్సమ్మ తలుపు మీద తారుతో 'వెళ్ళిపో' అని రాశారు. ఎవరని మా ఆయనను అడిగితే నా ముఖం చూడకుండా "నాకేం ఎరుక?" అన్నాడు. ఆమె పూజకు రావడం మానేసింది. గుళ్ళో కుడివైపు ఒక్కో కుటుంబమే తగ్గుతూ వచ్చింది. లారీ మాట్లాడుకుని విజయవాడ రోడ్డు పట్టేవాళ్ళు. ఒకరోజు ఆమె వరండాలో కట్టిన పరుపుచుట్ట, ట్రంకుపెట్టె కనిపించాయి. బదిలీ అడుగుతోందని, సోమవారం ఊరికి పోతోందని పంపు దగ్గర ఎవరో అన్నారు. మా పిల్ల జ్ఞానస్నానం ఆ ముందురోజు ఆదివారమే.

అది విన్నప్పటినుంచి నాకు ఒకటే ఆలోచన. నా బిడ్డ పోతోందనుకున్న క్షణంలో దాన్ని దేవుడి చేతిలో పెట్టిన మనిషి మా వీధిలోంచి దొంగలా వెళ్ళిపోవాలి. మేమేమో గుళ్ళో ఇంకో చెంబు నీళ్ళు పోయించి, బగారన్నం తిని, చేతులు కడుక్కోవాలి. చెబితే మా ఆయన పరువు పోతుంది, అత్త ఇచ్చిన మాట పోతుంది. చెప్పకపోతే నేను ఆమె ముఖం ఇక ఎప్పటికీ చూడలేను.

ఆదివారం వచ్చింది. మా చుట్టాలు తుర్కయంజాల్ దాకా ఎద్దుబండి మీద, అక్కణ్ణించి నడిచి, విందుకు మేకపోతును తోలుకుంటూ ముందురోజే దిగారు. పూజ అయ్యాక ఫాదర్ బిడ్డను తెమ్మన్నారు. మా ఆడబిడ్డ కొత్తచీరలో పిల్లనెత్తుకుని నిలబడింది. ఫాదర్ వరంగల్ దిక్కు మనిషి, మా మాటే మాట్లాడేవారు. నీళ్ళ చెంబు చేతిలోకి తీసుకుని, ప్రతి బిడ్డకూ అడిగే ప్రశ్నే పుస్తకంలోకి చూస్తూ అడిగారు. "ఇంటికాడ ఎవరన్న నీళ్ళు పోసిన్రా?"

"లేదు ఫాదర్" అంది మా అత్త.

"పోసిన్రు ఫాదర్" అన్నాను నేను.

ఫాదర్ చెంబు కింద పెట్టారు. ఎవరు పోశారని అడిగితే చెప్పాను. మా ఆయన ముఖం కందగడ్డయింది.

"నెల దినాల సంది ఎందుకు చెప్పలే?"

"నువ్వు అడగలే."

ఫాదర్ ఆయనను ఆపారు. "ఆమె సరిగ్గ పోసిందంటే ఈ పిల్ల ఇప్పటికే క్రైస్తవురాలు. నేను మళ్ళ పోయరాదు. పోస్తే దేవుని మాట నమ్మనట్టు. సరిగ్గ పోసిందో లేదో ఆమె నోటితోని వినాలె. పోయి తోల్కరా" అన్నారు.

"నేనా?"

"తండ్రివి నువ్వే గద."

పోయి రావడానికి ముప్పావుగంట పట్టింది. ఎవరూ ఇంటికి కదల్లేదు. ఆమె ఇంటి దగ్గర ఏం మాట్లాడుకున్నారో ఆయన ఎప్పుడూ చెప్పలేదు. ఆ తారు రాతల తలుపే తట్టాల్సి వచ్చిందని మాత్రం నాకు తెలుసు. ఆయన ముందు, పదడుగుల వెనక ఆమె వచ్చారు.

"ఏం నీళ్ళు పోసినవమ్మా?" అని అడిగారు ఫాదర్.

"కుండలో తాగేనీళ్ళు, ఫాదర్‌గారూ."

"ఏం మాటలు చెప్పినవు?"

తడబడకుండా చెప్పింది.

"పోసినప్పుడు బిడ్డకు పానమున్నదా?"

ఆమె పిల్లను చూసింది, నన్ను చూసింది. "తెలియదండీ. గుండె మీద వేళ్ళు పెట్టి చూశాను. నాకేమీ తగల్లేదు. గుళ్ళో నిలబడి అబద్ధం చెప్పలేను."

చనిపోయినవాళ్ళకు జ్ఞానస్నానం చెల్లదు. ప్రాణం ఉందో లేదో తెలియదంటే ఫాదర్ మళ్ళీ పోయాల్సిందే. ఆమె పోసింది లెక్కలోకి వస్తుందో రాదో ఇక ఎవరూ చెప్పలేరు. ఆమె ట్రంకుపెట్టె ఎత్తుకుని పోవచ్చు. మా అత్త కోరుకున్నది అచ్చంగా అదే. ఇంకొక్క నిమిషం ఊరుకుంటే చాలు.

మా అత్త ఊరుకోలేదు.

"ఉన్నది ఫాదర్, పానమున్నది" అంటూ ముందుకు వచ్చింది. "రెండోసారి పోసినప్పుడు పిల్ల ఎడమకాలి బొటనవేలు కదిలిచ్చింది. ఆమె తల దిక్కున్నది, నేను కాళ్ళ దిక్కున్న. నా కండ్లతోని చూసిన. ఇందాక అబద్ధమాడిన, తప్పయింది. ఇప్పుడు ఆడుతలేను."

నర్సమ్మ మా అత్త చెయ్యి పట్టుకుంది. ఫాదర్ నీళ్ళ చెంబును పక్కకు జరిపారు. తర్వాత నవ్వారు. "అయితే మనమే నెల దినాలు ఆలస్యం" అన్నారు. నీళ్ళు ముట్టుకోకుండా, మిగిలిన పని మాత్రం చేశారు. పిల్లకు తైలం పూసి, తెల్లగుడ్డ కప్పి, వెలిగించిన కొవ్వొత్తి ఆడబిడ్డ చేతికే ఇచ్చారు. అత్త మాటా నిలబడింది. చివర మా ఆయన వైపు తిరిగారు. "మన మతంల, తిరుసభ చట్టంల ఒక మాటున్నది. నీళ్ళు పోసినామె బిడ్డకు చుట్టమైతది. నువ్వు కాదన్న కాకపోదు, నేను కాదన్న కాకపోదు."

మా ఆయన తల గోక్కున్నాడు. బయటికి వచ్చాక ఆమె ఇంటిదారి పట్టబోతే ఎదురుగా పోయి నిలబడ్డాడు. "అక్కా, చుట్టాలు తినకుండ పోతరా? జర ఇంటికి రా" అన్నాడు. అక్కా అనడానికి ఆయనకు ఎంత కష్టమైందో ఆ గొంతులోనే తెలిసింది. అంతటితో ఆగకుండా కుడివైపు మిగిలిన నాలుగు కుటుంబాలనూ పిలిచాడు. తీరా కూర చాలదని అత్త అందులో రెండు చెంబుల నీళ్ళు పోసి కారం వేసింది. "దీన్లమాత్రం ఎన్నిసార్లన్న పోయొచ్చు అత్తమ్మా" అన్నాను. గరిటె చూపించింది.

ఆ ఒక్క పూటతో అంతా మారిపోయిందని చెప్పను. బంద్‌లు ఆగలేదు, మా ఆయన ఊరేగింపులు మానలేదు, నేనూ మానమనలేదు. కానీ ఆమె తలుపు మీది తారును ఆయనే కిరసనాయిలుతో రుద్దాడు. పూర్తిగా పోకపోతే రంగు తెచ్చి వేశాడు. పూజ కాగానే ఎవరి దారిన వాళ్ళు పోయే జనం గుడిముందు ఆగి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఏ ఇంట్లో బాలింత ఉన్నా, ఎవరివైపు మనిషైనా, వంతులేసుకుని అన్నం పంపేవాళ్ళం. వెళ్ళిపోయినవాళ్ళలో కొందరు తిరిగొచ్చినప్పుడు లారీలోంచి సామాను దించింది మావాళ్ళే. అంతకుముందు మాకు గుడి ఉండేది, ఆ తర్వాతే మనుషులు దొరికారు. అందుకు దేవుడికి ఎన్ని దండాలు పెట్టుకున్నా నాకు చాలినట్టు అనిపించదు.

ఆ విందు రోజున అందరూ తిన్నాక ఆమె లోపలికి వచ్చి నా పక్కన చాప మీద కూర్చుంది. చాయ్ ఇచ్చాను. తాగింది. ఉండబట్టలేక అడిగాను. "రేపు ఊరికి పోతున్నవంట గదా అక్కా?"

ఆమె గ్లాసు పక్కన పెట్టి పిల్లను ఒళ్ళోకి తీసుకుంది. కాసేపు దాని కాలివేళ్ళు నిమిరింది.

"ఆసుపత్రిలో ఫాదర్ అందనప్పుడు మనవాళ్ళ పసిపిల్లలకి చాలామందికి ఇలాగే నీళ్ళు పోశానమ్మా. ఒక్కరూ దక్కలేదు. పోసిన చేత్తోనే గుడ్డ చుట్టి తల్లులకిచ్చేదాన్ని. బతికింది ఇదొక్కతే. దీన్ని వదిలి ఎక్కడికి పోను?"