అక్క చెప్పిన ముగింపు

ఆ రచయిత్రి ఆఖరి నవల గురించి పాత పాఠకులు ఎవరైనా మాట్లాడితే ఒకటే మాట అంటారు, సినిమా మోజులో పడి చేజేతులా చెడగొట్టుకుందని. ఆవిడ ఇప్పుడు లేరు, జవాబు చెప్పుకోలేరు. మా అక్క ఉంది గానీ ఆమె నవలల గురించి మాట్లాడటం మానేసి చాలా కాలమైంది. జరిగింది తెలిసినవాణ్ణి నేను మిగిలాను కాబట్టి రాస్తున్నాను.

ఎనభైల చివర్లో నేను ఫిల్మ్‌నగర్‌లో ఒక నిర్మాత ఆఫీసులో కథా విభాగంలో సహాయకుణ్ణి. కథా విభాగం అన్నది పెద్ద మాట. పరుపులు పరిచిన ఒక గది, కొన్ని దిండ్లు, ఒక ఫ్యాను. నిర్మాత, దర్శకుడు, మాటల రచయిత గోడకు ఆనుకుని కథ చెప్పుకుంటూ ఉంటే నేను గుమ్మం పక్కన కూర్చుని రాసుకునేవాణ్ణి. దాన్ని సిట్టింగ్ అనేవారు. పరిశ్రమ అప్పుడప్పుడే మద్రాసు నుంచి పూర్తిగా తరలివస్తోంది. చుట్టూ ఇళ్ల స్థలాల కోసం బండలు పేల్చేవారు. ముందు విజిల్ వినపడేది. విజిల్ వినగానే అందరం టీ గ్లాసులు చేత్తో పట్టుకునేవాళ్లం. గది అదిరి ఊరుకున్నాక కథ ఆగినచోట మళ్లీ మొదలయ్యేది.

అక్క మధురానగర్‌లో ఉండేది. బావగారు మెత్తని మనిషి, గొంతు పెంచగా నేనెప్పుడూ వినలేదు. ఆఫీసుకు వెళ్లేటప్పుడు మాత్రం వరండా గ్రిల్లుకు బయటినుంచి తాళం వేసి, చెవి జేబులో వేసుకుని వెళ్లేవారు. "రోజులు బాగాలేవోయ్. ఒంటరి ఆడమనిషి" అనేవారు. మొదట్లో నాకు అదోలా ఉండేది, తర్వాత అలవాటైపోయింది. పగటిపూట వెళితే నేను మెట్ల మీద కూర్చునేవాణ్ణి, ఆమె లోపల పీట వేసుకునేది. గ్రిల్లు సందులోంచి కాఫీ గ్లాసు అందించేది.

"ములాఖత్‌కి వచ్చావా? పళ్లేమైనా తెచ్చావా?" అనేది. నేను నవ్వేవాణ్ణి. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు సిగ్గేస్తుంది.

ఆమెకు ఆ రచయిత్రంటే ప్రాణం. పెళ్లికి ముందు మా ఊళ్లో అద్దె పుస్తకాల షాపు నుంచి ఆవిడ నవలలు తెచ్చేది నేనే. ప్రేమా భయమూ కలిసిన కథలు. ప్రేమించిన మనిషి మీదే అనుమానం మొదలవుతుంది, పేజీ తిప్పిన కొద్దీ అది పెరుగుతుంది. ఆవిడ కథానాయికలు ఎవరో వచ్చి కాపాడతారని ఎదురుచూడరు, నిజం తామే కనిపెడతారు. అక్కకు నచ్చింది అదే. పెళ్లయ్యాక పుస్తకాలు రావడం ఆగిపోయింది. వారపత్రికలో ఆవిడ కొత్త సీరియల్ మొదలైనప్పుడు పక్కింటావిడ చదివేసి గ్రిల్లులోంచి లోపలికి ఇచ్చేది.

ఆ సీరియల్లో ఒక సంగీతం టీచరు కాఫీ తోటల యజమానిని ప్రేమించి పెళ్లి చేసుకుంటుంది. కొండమీద బంగళా. భర్త ఆమెను కళ్లల్లో పెట్టుకుని చూసుకుంటాడు. గేటు దాటనివ్వడు. అడవి మంచిది కాదంటాడు. తోట మేనేజరు ఎలా చనిపోయాడో ఎవరూ చెప్పరు. వారం వారం ఆమెకు అనుమానం బలపడుతుంది, ఆ చావు భర్త చేతిలోనేనని.

ఒకరోజు అక్క పత్రిక మడిచి ఒళ్లో పెట్టుకుని, "ఈ పిల్ల గేటు దాటిందనుకో, నేనూ దాటేస్తానురా" అంది.

"ఎక్కడికెళ్తావ్?"

"ముందు దాటనీ. ఎక్కడికన్నది తర్వాత చూసుకుందాం. మీ ఇంట్లో ఓ మూల చాలదూ?"

"నా గదిలో నాకే చోటు లేదు" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. ఆమె నవ్వు నాకంటే ముందే ఆగిపోయింది. అది నేను గమనించాను. గమనించలేదని చెప్పుకోలేను.

సీరియల్ సగంలో ఉండగానే మా నిర్మాత హక్కులు తీసుకున్నారు. అప్పట్లో అది మామూలే. సీరియల్ నడుస్తుండగా సినిమా మొదలుపెడితే పత్రికే ప్రచారం చేసిపెడుతుందని లెక్క. రచయిత్రిని పిలిపించి జూబ్లీహిల్స్‌లో గెస్ట్‌హౌస్‌లో దించారు. పొట్టి మనిషి, నేత చీర, చేతిసంచిలో కళ్లజోళ్లు రెండు. పరుపు మీద కూర్చోలేనని కుర్చీ అడిగారు. ముగింపు చెప్పమంటే చెప్పారు. హంతకుడు భర్తే. తెల్లవారుజామున ఆమె ఒంటరిగా గేటు తీసుకుని ఘాట్ రోడ్డు మీద నడిచి వెళ్లిపోతుంది.

అందరూ నిర్మాత వైపు చూశారు. భర్త పాత్రకు అనుకున్న హీరో ఎవరో అందరికీ తెలుసు.

"అమ్మా, మా హీరో చేత ఖూనీ చేయిస్తే థియేటర్లో కుర్చీలుండవు" అన్నారు నిర్మాత.

"నేను కుర్చీల కోసం రాయలేదండీ. చదివేవాళ్ల కోసం రాశాను."

"చదివేవాళ్లూ ఒప్పుకోరమ్మా. మొగుడు మంచివాడై ఉండాలి."

"నా పాఠకులు నాకు తెలుసు" అన్నారావిడ.

ఎటూ తేలనప్పుడు మా ఆఫీసులో ఒక ఆచారం ఉండేది. లేడీస్ ఒపీనియన్ తెమ్మనేవారు. నిర్మాత గారు భార్యను అడిగేవారు, దర్శకుడు అత్తగారిని అడిగేవారు. ఆ రోజు మొదటిసారి నిర్మాత నావైపు తిరిగారు.

"ఏవయ్యా, మీ ఇంట్లో ఈవిడ నవలలు చదివే ఆడవాళ్లెవరైనా ఉన్నారా?"

"మా అక్క ఉందండీ. ఒక్కటి కూడా వదల్లేదు."

"కథ చెప్పకు. ముగింపు ఎలా ఉండాలో అడిగి రేపు రా" అన్నారు. తర్వాత నేను చెప్పులు వేసుకుంటుంటే మెల్లగా, "ఏం చెబుతుందో మనకి తెలుసుగా. వచ్చి ఆవిడ ముందు కాస్త గట్టిగా చెప్పు" అన్నారు.

నేను నిజంగానే అడిగాను. అక్క ముందు నమ్మలేదు. "ఆవిడ నన్ను అడుగుతోందా?" అని రెండుసార్లు అంది. తర్వాత పొయ్యి కట్టేసి వచ్చి కూర్చుంది. ఆమె అంతసేపు ఏకధాటిగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. భర్తే చేశాడని ఎప్పుడో తెలిసిపోయిందంది. అసలు ఆ మేనేజరు చావు లేకపోయినా ఆ పిల్ల వెళ్లిపోవాలంది. "ప్రేమగా తాళం వేసినా తాళం తాళమే కదరా. ఆవిడతో అలాగే చెప్పు. భయపడొద్దని చెప్పు. దాటించమను." చివర్లో గ్రిల్లు పట్టుకుని, "నన్నోసారి ఆవిడ దగ్గరికి తీసుకెళ్లవా?" అంది.

"బావగారిని అడుగుదాంలే" అన్నాను.

మర్నాడు సిట్టింగ్‌లో నాకు గుమ్మం దగ్గర కాదు, పరుపు మీద చోటిచ్చారు. రచయిత్రి కుర్చీలోంచి ముందుకు వంగి నా ముఖంలోకి చూస్తున్నారు. నేను చెప్పాను. భర్త హంతకుడంటే అక్క తట్టుకోలేనందని, ఆయన ఆమెను కాపాడటానికే గేటు దాటనివ్వలేదని తేలితే బాగుంటుందని, ఆ అమ్మాయి అనుమానించినందుకు క్షమాపణ అడిగితే ఏడుపొస్తుందందని. చెబుతుంటే నాకే ఆశ్చర్యం వేసింది, ఎంత వరసగా వచ్చిందో. మాటల రచయిత నా వీపు తట్టాడు.

"మీ అక్కగారే అన్నారా, ఈ మాట?" అన్నారు రచయిత్రి.

"అవునండీ."

"మొదటినుంచీ నన్ను చదివిన మనిషి?"

"అవునండీ."

ఆవిడ కళ్లజోడు తీసి చీర కొంగుతో తుడుచుకున్నారు. "ఓసారి తీసుకురా బాబూ. నేను మాట్లాడతాను."

"అక్క బయటికి రాదండీ" అన్నాను. నేను ఆ రోజు చెప్పిన నిజం అదొక్కటే.

ఆవిడ ఇంకేమీ వాదించలేదు. బయట విజిల్ వినపడింది. అందరం గ్లాసులు పట్టుకున్నాం. గది అదిరింది.

ఆ తర్వాత వారాల్లో సీరియల్ దారి మారిపోయింది. అంతవరకూ కథలో లేని సవతి తమ్ముడొకడు భర్తకు పుట్టుకొచ్చాడు, హంతకుడు వాడయ్యాడు. భర్త గేటు తాళాలు చూపించి, నిన్ను పోగొట్టుకోలేక వేశాను అన్నాడు. సంగీతం టీచరు ఆయన కాళ్ల మీద పడి ఏడ్చింది. ఆవిడ వాక్యం కూడా ఆవిడది కాదన్నట్టుంది. ఇష్టం లేని పని తొందరగా ముగించుకున్నట్టు రాశారు.

నేను వెళ్లేసరికి పక్కింటావిడ గ్రిల్లు బయట నిలబడి ఉంది. "ఏంది తమ్మీ, గిట్ల రాసింది? ఇన్ని వారాలు జెప్పి జెప్పి ఆఖరికి కాళ్లు మొక్కిపిచ్చింది. మీ అక్క పొద్దుటిసంది ఒక్క ముచ్చట మాట్లాడలే" అని వెళ్లిపోయింది.

అక్క కాఫీ అందించలేదు. పత్రిక పీట మీద పడి ఉంది.

"నా మాట ఆవిడతో చెప్పావా?"

"చెప్పాను."

"అంతా?"

"అంతా చెప్పాను అక్కా."

"విని కూడా ఇలా రాసిందా?" అని పత్రిక తీసి మడిచింది. "అయితే ఆవిడకి తెలిసే ఉంటుందిలే. మనకంటే లోకం చూసిన మనిషి."

నేను అప్పుడు చెప్పి ఉండొచ్చు. ఆవిడ అనుకున్న కథ వేరేగా ఉండేదని ఒక్క మాట చాలు. పరుపు మీద నా చోటు గుర్తొచ్చింది. ఊరుకున్నాను.

ఆ ఆదివారం భోజనాల దగ్గర బావగారు అన్నారు, "మీ అక్క సీరియల్ మొత్తానికి అయిపోయిందటగా. పక్కింటాయన చెప్పాడు. చివరికి మొగుడు మంచివాడేనటగా!" అని నవ్వి, "చూశావా, మీ రచయిత్రి కూడా ఒప్పుకుంది" అని అక్కతో అన్నారు. అక్క ఆయనకు పెరుగు వడ్డించింది.

సినిమా తీయలేదు. హీరోకి డేట్లు కుదరలేదు, నిర్మాత ఇంకో కథ ఎత్తుకున్నారు. నన్ను మళ్లీ గుమ్మం దగ్గరే కూర్చోబెట్టారు. నవల పుస్తకంగా వచ్చింది. పాఠకులు మొహం చిట్లించారు. ఆవిడ ఆ తర్వాత ఇంకో నవల రాయలేదు. అక్క పత్రిక తీసుకోవడం మానేసింది. పక్కింటావిడ కొన్నాళ్లు తెచ్చి చూసి, ఆమె కూడా మానుకుంది.

తొంభైలు ముగిసేలోపే బావగారు రిటైరయ్యారు. తాళం అవసరం లేకపోయింది, రోజంతా వరండాలో ఆయనే కూర్చుంటున్నారు. రచయిత్రి పోయారని పేపర్లో చూసిన రోజు నేను అక్క దగ్గరికి వెళ్లి, వంటింట్లో కూర్చుని జరిగిందంతా చెప్పాను. ఆమె చిక్కుడుకాయలు ఒలుస్తోంది. చివరిదాకా ఆపలేదు.

తిడుతుందనుకున్నాను. "అయితే అది నా మాటే అనుకుందన్నమాట" అంది. "నన్నెంత పిరికిదాన్ననుకుందో పాపం."



ఇంకో కాయ అందుకుంటూ, "అసలు ఆవిడ అనుకున్నదేంటి?" అని అడిగింది.

"నువ్వు చెప్పిందే అక్కా. భర్తే హంతకుడు. తెల్లవారుజామున లేచి, చెప్పులు చేత్తో పట్టుకుని ఆ అమ్మాయి గేటు దాకా వస్తుంది…"

వరండాలోంచి బావగారు కాఫీ అడిగారు. "ఉండు, ఇచ్చొస్తా" అని అక్క లేచింది. కాఫీ కలిపింది, పట్టుకెళ్లి ఇచ్చింది, వచ్చి మళ్లీ చిక్కుడుకాయలు ముందేసుకుంది.

మిగతాది అడుగుతుందేమోనని చాలాసేపు కూర్చున్నాను. అడగలేదు.