పెట్టని బండముక్క

నా కోపం నా ఇంటినే కూల్చింది. ఎట్లాగో దాచకుండా చెబుతాను.

అవి యుద్ధం రోజులు. సిమెంటు కంటికి కనపడేది కాదు, అంతా గానుగ సున్నమే. నా మొగుడు తాపీమేస్త్రి, నేను ఆయన దగ్గరే సున్నం మోసేదాన్ని. రాజుపాలెం దగ్గర ఒక కామందు మేడ కడుతూ మెట్ల పని మాకిచ్చాడు. మెట్లు బేసిగా ఉండాలనీ, కింద కుడికాలు పెడితే పైన కుడికాలే పడాలనీ పదిసార్లు చెప్పాడు.

మెట్లు కొలిచేనాటికి నేల ఇంకా మట్టిగానే ఉంటుంది. నాపబండలు చివర్న పరుస్తారు. అందుకని రాబోయే నేల మందానికి సరిపడా ఒక బండముక్క కింద పెట్టి, దాని మీద కొలబద్ద నిలబెట్టాలి. మా జట్టులో ఆ ముక్క పెట్టి బద్ద పట్టే పని నాది.

ఆ పొద్దున సద్దన్నంలో ఉప్పు తక్కువైందని ఆయన నన్ను జుట్టు పట్టి వంచి కొట్టాడు. వీపు మీద అయిదు వేళ్ళూ తేలాయి. తట్ట మోస్తుంటే చీర రాసుకుని మంట. ఆయనేమో ఏమీ జరగనట్టు పైకెక్కి, "ఏమే, ముక్క పెట్టావా?" అన్నాడు.

"పెట్టా," అన్నాను.

ముక్క నా కాలి పక్కనే ఉంది. పెట్టలేదు. నలుగురిలో వీడు తల దించుకోవాలి, అప్పుడు గానీ నా కడుపుమంట చల్లారదు అనుకున్నాను. అంతకు మించి ఏమీ కోరలేదని ఇప్పటికీ ఒట్టేసి చెబుతాను.

పదిహేడు మెట్లు, ఒక్కోటి ఏడంగుళాలు. గోడ మీద బొగ్గుతో గీతలు గీస్తూ ఆయన ఈల వేశాడు. మెట్లు లేచాక మేము ముప్పాళ్ళలో ఇంకో పనికి పోయాము. నేల బండలు వేరే జట్టు పరిచింది.

గృహప్రవేశం నాడు మేస్త్రికి కొత్త పంచెలు పెట్టడం ఆనవాయితీ. పిలిస్తే వెళ్ళాము. ఆయన కొత్త పంచె కట్టుకుని మురిసిపోతూ నిలబడ్డాడు. మేడ చూసి కామందు తల్లి దిగుతోంది. అట్టడుగు మెట్టు నాలుగంగుళాలు బండల కింద పోయి, మూడే మిగిలింది. దిగబోయిన కాలికి నేల ముందే తగిలి ముసలమ్మ బోర్లా పడింది. నాపరాయి మీద నెత్తురు, రెండు పళ్ళు.

కామందు కొలబద్ద తెప్పించి మెట్టు కొలిచాడు. ఆ బద్దతోనే మా ఆయన్ని మొహమనకుండా, వీపనకుండా బాదాడు. బద్ద విరిగింది. కొత్త పంచె ఎర్రబడింది. ఇద్దరు పాలేర్లు రెక్కలు విరిచి పట్టుకున్నారు.

"కింద బద్ద పట్టిందెవుర్రా?"

ఆయన నా వైపు చూడనైనా చూడలేదు. "ఎవురో కూలోడయ్యా, పని మాని పోయాడు. తప్పు నాదే."

కామందు ఆయన కుడిచెయ్యి ఆ పొట్టి మెట్టు మీదే పెట్టించి రాళ్ళు కొట్టే సుత్తితో కొట్టాడు. మూడు దెబ్బలు. దెబ్బదెబ్బకీ, పట్టింది నేనేనని చెబుదామని నోరు తెరిచాను. చెప్పలేదు. ఛీ, నాదీ ఒక బతుకేనా.

చేసుకున్నవాళ్ళకు చేసుకున్నంత అంటారు. ఇక్కడ చేసింది నేను, పడింది ఆయన. ఎముకలు వంకరగా అతుక్కున్నాయి. తాపీ పట్టిన చెయ్యి ముద్ద కూడా ఎత్తలేకపోయింది. నేను కూలికి పోయి వచ్చి, అన్నం కలిపి నోట్లో పెట్టేదాన్ని. గుడిలో పాదిరిగారి దగ్గర పాపాలు ఒప్పుకునేటప్పుడు కూడా చెప్పని మాట ఒకరోజు ముద్ద చేతిలో ఉండగానే ఆయనతో చెప్పేశాను.

"తెలుసు," అన్నాడు. "ముసలామె పడ్డప్పుడే తెలిసింది. నాలుగంగుళాలు, ముక్క మందమే గదా."

ఎడం చెయ్యి ఉంది కదా, కొట్టమని వీపు తిప్పి కూర్చున్నాను.

"ముద్ద పెట్టవే, చానా ఆకలిగా ఉంది," అన్నాడు.

కొట్టి ఉంటే బాగుండేది. ఆయన పోయేదాకా ఆ నోటికి నేనే అన్నం పెట్టాను. పెట్టిన ప్రతిసారీ నాకు ఆ మూడు దెబ్బలూ వినపడేవి.