రాణి వేషం అప్పగింతలు

ఆ ఏడు నాకు నలభై ఆరు నిండాయి. మోకాళ్ల వయసు చెప్పాలంటే ఇంకో ఇరవై కలుపుకోవాలి. కూచిపూడి చుట్టుపక్కల మా ఇళ్లలో మగపిల్లలకు కాళ్లు నిలదొక్కుకోగానే గజ్జె కట్టేవారు. వాళ్లలో కాస్త నున్నటి ముఖం ఉన్నవాణ్ణి ఆడవేషాలకు తీసుకునేవారు. నాది నున్నటి ముఖం. పదహారో ఏట కలాపం అనే మా నృత్యనాటకంలో రాణి వేషం వేశాను. అప్పటినుంచి ముప్పయ్యేళ్లు వేరే వేషం వెయ్యలేదు. మీసం పెంచిన పాపాన పోలేదు, జుట్టు కత్తిరించుకున్న జ్ఞాపకం లేదు. "మనింట్లో ఇద్దరం ఆడవాళ్లమే, మగదిక్కు లేదు" అని మా ఆవిడ వేళాకోళం చేసేది.

ముప్పయ్యేళ్ల అలసటా ఒక్కసారే కాళ్లలోకి దిగింది. నాగాయలంకలో ఆట ముగించుకుని, బస్సులో చోటు దొరక్క ఘంటసాల దాకా నిలబడి వస్తే, ఇంటికి చేరాక గడప దాటడానికి కూడా తలుపు పట్టుకోవాల్సి వచ్చేది. మా ఆవిడ ఆవాల నూనె కాచి మర్దనా చేసేది. "మానెయ్యరాదూ" అని మాత్రం అనేది కాదు. మానేసి నేనేం చెయ్యగలనో ఆవిడకూ తెలియదు, నాకూ తెలియదు.

గుడివాడలో ఒక కళాసమితి హాలు ఉండేది. రేకుల కప్పు, సిమెంటు వేదిక, వెనక గదిలో ముఖాన్ని సాగదీసి చూపించే ఒక అద్దం. ఏటా ఒక సాయంత్రం మా నాట్యమేళానికి ఇచ్చేవారు. మిగతా ఊళ్ల పిలుపులు తగ్గిపోయాక మా మేళం పరువంతా ఆ ఒక్క సాయంత్రం మీదే నిలబడింది. అంతకు ముందు ఏడు అక్కడే, రాణి అలిగి నేలమీద కూలబడే ఘట్టంలో, లేవబోతే నాకు మోకాలు పట్టేసింది. చెయ్యి నేలకు ఆనించి, మూలుగుతూ లేచాను. ముందు వరుసల్లో కాలేజీ పిల్లలు పకపకా నవ్వారు. కలాపంలో నవ్వులు వచ్చే చోట్లు నాకు కంఠతా వచ్చు. అది వాటిలో ఒకటి కాదు.

ఆ ఏడు సమితి కార్యదర్శి మా ఇంటికే వచ్చాడు. బియ్యం మిల్లు ఉన్న మనిషి, మంచివాడే. కాఫీ తాగి, గ్లాసు చేతిలోనే తిప్పుతూ చెప్పాడు.

"ఏవనుకోకండి గురువుగారూ. మగవాళ్లు చీర కట్టుకొస్తే ఈ రోజుల్లో జనం చూట్టం లేదండీ. ఆడపిల్లలు శుభ్రంగా ఆడుతున్నారు గదా. మా సమితి సభ్యుడొకాయన మేనకోడలుంది, బందర్లో కాలేజీ చదువుతోంది. ఆ పిల్లకి రాణి వేషం మీరే నేర్పండి. సూత్రధారిగా మీరు పక్కనే ఉందురు గాని. కాదంటే, మేం ఇంకో మేళాన్ని చూసుకోవాలండీ."

నాకు ఒళ్లు మండింది. చిన్నప్పుడు మా చెల్లెలు తలుపు చాటునుంచి చూసి జతులన్నీ నేర్చేసుకుందని తెలిసిన రోజున మా నాన్న చింతబరికె అందుకున్నాడు. ఇంట్లోని పిల్లకు పనికిరాని గజ్జె బందరు పిల్లకు నేనే కట్టాలట. కార్యదర్శి వెళ్లాక మా ఆవిడ నెమ్మదిగా, "ఆ మోకాళ్లతో మీ రాణి ఇంకెన్నాళ్లు అలుగుతుంది?" అంది. మర్నాడు కార్యదర్శికి సరేనని కబురు పంపాను.

ప్రతి ఆదివారం ఆ అమ్మాయి తల్లితోపాటు బస్సు దిగేది. తల్లి అరుగుమీద కూర్చుని ఊలు అల్లుకునేది. నేను లోపల కోపమంతా పెట్టి నేర్పేవాణ్ణి. రెండుసార్లు చేస్తే చాలే అడుగును పదిసార్లు చేయించేవాణ్ణి. ఆడపిల్లకు ఆడనడక నేర్పుతున్నానని మా ఆవిడ వంటింట్లో నవ్వుకునేది. ఒకరోజు ఆ అమ్మాయి చెమట తుడుచుకుంటూ సూటిగా అడిగేసింది.

"మాస్టారూ, నేను తప్పు చేస్తున్నానా, లేక మీకు నేను నచ్చలేదా?"

"మళ్లీ మొదటినుంచి" అన్నాను.

కలాపంలో రాణి ప్రవేశానికి ఒక పద్ధతి ఉంది. ఇద్దరు మనుషులు తెర పట్టుకుంటారు. దాని వెనకనుంచి రాణి తన జడను తెరమీదుగా ఇవతలికి వేస్తుంది. విద్యలో నన్ను గెలవగలిగినవాడుంటే వచ్చి ఈ జడ కోయమని సవాలు. తర్వాత తెర తీస్తారు. సూత్రధారి ఆమెను ఎవరని అడుగుతాడు, ఆమె తన పేరూ పుట్టిల్లూ గొప్పా చెప్పుకుంటుంది. గుడివాడలో ఆట జరిగే సాయంత్రం సవరం పెట్టి ఆ అమ్మాయికి జడ అల్లింది నేనే. తర్వాత పంచె కట్టుకుని, తలపాగా చుట్టుకుని, తాళాలు పట్టుకుని, జీవితంలో మొదటిసారి తెరకు ఇవతల నిలబడ్డాను.

జడ తెరమీద పడింది. హాలంతా చప్పట్లు. తెర తీశారు.

"ఎవరమ్మా నువ్వు? ఏ ఇంటి ఆడపడుచువు? నీ పేరేమిటి?" అని అడిగాను.

అడిగి ఊరుకోవాలి కదా. ఊరుకోలేదు. నడుం దానంతటదే వంగింది, మెడ పక్కకు వాలింది, రాణి గొంతుతో నా నోరే జవాబు చెప్పేసింది. పేరు, పుట్టిల్లు, మెట్టిల్లు, ఒక్కటీ వదల్లేదు. నెత్తిన తలపాగా, చేతిలో తాళాలు, గొంతులో ఆ వయ్యారం! హాలు గొల్లుమంది. మృదంగం ఆగిపోయింది. కార్యదర్శి కుర్చీలోంచి సగం లేచి నిలబడ్డాడు. ఉన్న గొప్పంతా నేనే చెప్పేసుకున్నాక ఆ అమ్మాయికి చెప్పుకోవడానికి ఏం మిగిలింది? ఆమె ఏడిస్తే మొదటి ఆటే ఆఖరి ఆట అవుతుంది. కావాలనే చేశానని ఊరంతా అనుకుంటుంది. మనసులో ఏ మూలో కావాలనే చేశానేమో, ఈనాటికీ గట్టిగా కాదనలేను.

ఆమె ఏడవలేదు. జడ ముందుకు లాక్కుని, నడుం మీద చెయ్యి పెట్టి, నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసింది.

"ఏమయ్యా సూత్రధారీ! నా పేరూ నా పుట్టిల్లూ నువ్వే చెప్పుకుంటే, ఇంత అలంకారం చేసుకుని నేనెందుకు వచ్చినట్టు?"

హాలు మళ్లీ నవ్వింది. ఈసారి ఆ నవ్వు ఆమె గెలుచుకున్నది. రాణీ సూత్రధారీ అప్పటికప్పుడు మాటకు మాట అందుకోవడం కలాపంలో ఉన్నదే. నేనది ఆమెకు నేర్పలేదు. అంత వరకూ రానిస్తే కదా.

"ఊఁ, మళ్లీ అడుగు" అంది.

అడిగాను. నోరు గట్టిగా మూసుకుని నిలబడ్డాను. ఆమె చెప్పింది. ముప్పయ్యేళ్లుగా నేను చెప్పిన మాటలే. ఎదురుగా నిలబడి వినడం అదే మొదటిసారి. అవి అంత బాగుంటాయని నాకు అప్పటిదాకా తెలియదు. ఏడుపు వచ్చింది. సూత్రధారి ఏడవకూడదు కాబట్టి తాళం వేస్తూ ఉండిపోయాను.