కొట్టంలో దీపానికి పిట్టగోడ

తాను చేసిన పనిలో తప్పుందని, నలుగురి ముందర, తన నోటితో చెప్పిన మనిషిని మీరు ఎందర్ని చూసినారు? పాపాలు ఒప్పుకోండి, ఒప్పుకోండి అని ఏండ్ల తరబడి వేదికలెక్కి అరుస్తాండే నేను ఒక్కర్నే చూసినాను. ఆయన పోయిన సోమవారం పొద్దున, మదనపల్లెలో పుంగనూరు రోడ్డు పక్కన తన షెడ్డులోనే, కుర్చీలో కూర్చున్నట్టే కన్ను మూసినాడు.

ఐటీఐలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఊరందరికీ సార్. ఆయన క్లాసులో ఏనాడూ కూర్చోని నాకూ సారే. ఎల్‌ఈడీ దీపాలకు డ్రైవర్లు తయారు చేసేవాడు. స్తంభం మీది కరెంటును దీపానికి తగినట్టు మలిచి ఇచ్చే చిన్న బోర్డును డ్రైవర్ అంటారు. మా పల్లెల్లో మోటార్లన్నీ ఒకేసారి ఆడితే ఓల్టేజి పడిపోతాది, ఒకేసారి ఆగితే ఎగదన్నుతాది. రెంటికీ చెదరకుండా, కరెంటు వృథా కాకుండా దీపం వెలగాల. అదే ఆయన పంతం.

కొత్త బోర్డు చేస్తే మీటరు తర్వాత, ముందు చెయ్యి. గంటసేపు వెలిగించి, ఆపి, జ్వరం చూసినట్టు వేలి వెనకతో తాకేవాడు. "వేడయ్యిందంతా వెలగాల్సిందేనప్పా. దారిలో ఎవడో తిన్నాడు" అనేవాడు. ఆ తిన్నోడు దొరికేదాకా టీ కూడా ముట్టడు.

ప్రార్థనకు రమ్మంటే నవ్వేవాడు. దీపం వెలిగించి కుంచం కింద పెట్టరని ఒకసారి వాక్యం చెప్పినాను. "పెట్టకూడదు మరి. గాలాడక డ్రైవర్ కాలిపోతాది. మీ గ్రంథం రాసినాయనకు వేడి సంగతి బాగా తెలుసు" అన్నాడు. ఆ ఆదివారం ప్రసంగం మధ్యలో అది గుర్తొచ్చి నాకు నవ్వాగలేదు.

రెండేండ్ల కిందట పశువుల కొట్టాల కోసం పలక మీద పచ్చగీత గీసిన దీపం చేసినాడు. రవ్వంత కరెంటు కూడా పోనీయకూడదని, స్తంభం కరెంటు నేరుగా దీపం పలకను ముట్టకుండా డ్రైవర్ లోపల అడ్డుండే ట్రాన్స్‌ఫార్మర్ తీసేసినాడు. గంట వెలిగినా చల్లగా ఉండేది. పుంగనూరు, కుప్పం పక్క పాడి పెట్టుకున్నోళ్ళు ఎగబడి తీసుకుపోయినారు. ప్లాస్టిక్ చట్రంలో ఉన్నంతవరకు భయం లేదు. మన జనం ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచుతారా? వెలుగు నేరుగా పాలచెంబు మీద పడాలని దీపం పలకను చట్రంలోంచి పీకి, నూనె డబ్బా రేకుకు బిగించి, రేకును ఇనప పైపుకు కట్టినారు. పుంగనూరు దగ్గర ఒక కొట్టం కడుగుతాంటే ఆవు ఆ పైపుకు ఆనుకుంది. పడింది, మళ్ళీ లేవలేదు. పట్టుకోబోయిన ఇంటామె రబ్బరు చెప్పుల పుణ్యాన బతికింది.

నేను షెడ్డుకు పరిగెత్తినాను. రేకుకు బిగించమని మీరు చెప్పినారా, తప్పు మీదెట్లా అవుతాది సార్ అని వాదించినాను. ఆయన నా చేతిలో గ్రంథం వైపు చూసి, వస్తువు చేసినోడి గురించి అందులో ఏమన్నా రాసుండాదా అని అడిగినాడు. కొత్త ఇల్లు కట్టితే మిద్దెకు పిట్టగోడ కట్టాలనీ, ఎవరైనా పడితే ఆ నెత్తుటి దోషం ఆ ఇంటి మీదే ఉంటుందనీ చదివి వినిపించినాను. బిడ్డల్ని అదుపులో పెట్టుకోమని చెప్పేదానికి ఆ మాటను నేను ఎన్నోసార్లు వాడుకున్నాను. ఆయన ఉన్నదున్నట్టు విన్నాడు.

"ట్రాన్స్‌ఫార్మరే పిట్టగోడప్పా. దాన్ని పడగొట్టి, పొదుపు చేసినానని మురిసిపోయినాను. పడినోళ్ళది తప్పంటే ఎట్లా?"

మరుసటి పొద్దు పాలకేంద్రం దగ్గర, పాలు పోసేదానికి వచ్చినోళ్ళందరి ముందర అదే చెప్పినాడు. చదువు చెప్పినోడికే తెలీకపోతే మాకు యాడ తెలుస్తాది అని ఒక పెద్దాయన దెప్పినాడు. సార్ నిజమేనని తలూపినాడు, అంతే.

ట్రాన్స్‌ఫార్మర్ మళ్ళీ పెడితే బోర్డు మళ్ళీ వేడెక్కింది. దాని లోపల చుట్టే లావు తీగ బదులు సన్న తీగలు పురి వేయించినాడు. మొదటి చుట్టు సగం, దాని మీద రెండో చుట్టు, ఆపైన మొదటిదాంట్లో మిగిలిన సగం. పొరకూ పొరకూ మధ్య టేపు. షెడ్డులో పనిచేసే సరోజమ్మ చేత ఎన్నిసార్లు విప్పించి చుట్టించినాడో. "నా పెండ్లికి కూడా ఇంత నిదానంగా జడ అల్లలేదు సార్" అని ఆమె గొణిగేది. చివరికి ఒకనాడు ఆయన బోర్డు మీద పెట్టిన చెయ్యి తీయకుండా అట్లే ఉంచినాడు. పిట్టగోడా నిలిచింది, పొదుపూ నిలిచింది.

ఆనాటి నుంచి స్కూటర్ మీద రామసముద్రం మొదలు కుప్పం దాకా తిరిగి, పాత డ్రైవర్లు తీసి కొత్తవి పెట్టినాడు. ఎవరో వియ్యంకులకు ఆవునిస్తా దాంతో పాటు పంపిన దీపాన్ని కూడా వదల్లేదు. పదకొండు మాత్రం దొరకలేదు. పోయే ముందురోజు నాతో అన్న మాట కూడా వాటి గురించే: "నీది పెద్ద గొంతప్పా. నువ్వు చెబితే వింటారు."

చెబుతాండాను, వినండి. ఆయన్ను తలుచుకొని ఏడ్చే తీరిక మనకింకా రాలేదు. సరోజమ్మ పదకొండు కొత్త డ్రైవర్లు బల్ల మీద వరసగా పెట్టుకొని, షెడ్డు తలుపు బార్లా తీసి కూర్చోనుండాది. మీ కొట్టంలోనో, మీ చుట్టాల కొట్టంలోనో పలక మీద పచ్చగీత ఉండి, సార్ డ్రైవర్ మార్చని దీపం కనబడితే, ముందు మెయిన్ ఆపండి. ఆపకుండా చెయ్యి పెట్టొద్దు. పని తెలిసినోళ్ళ చేత దింపించి తీసుకురండి. రేపనొద్దు. సాయంత్రం పాలు పిండే ముందు మీరు నేల కడుగుతారు. ఆ నీళ్ళు పారక ముందే లేయండి.