రెండో లైను మోస్తుందన్నాను

రెండే రెండు మాటలు. వాటిని ఇన్నేళ్లుగా మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ఏలూరు శివార్లలో చేపలు ప్యాక్ చేసే ఒక కంపెనీలో అప్పట్లో కంప్యూటర్ల బాధ్యత నాది. కొల్లేటి చుట్టుపక్కల చెరువుల నుంచి చేపలు వచ్చేవి. కాటా వేసి, ఐసు కొట్టి, పెట్టెల్లో సర్ది పై రాష్ట్రాలకు లారీల్లో పంపేవాళ్లం. ఏ పెట్టె ఏ రైతుదో, ఎంత తూగిందో సర్వర్లకే తెలుసు.

ఆ సర్వర్లన్నీ ఒకే ఇనుప పెట్టెలో ఉండేవి. బ్లేడ్ ఛాసిస్ అంటారు. పలచటి సర్వర్లు అందులో అలమరలో పుస్తకాల్లా పక్కపక్కన నిలబడతాయి. వాటన్నిటికీ కలిపి వెనక ఆరు పవర్ సప్లైలు. మూడింటికి ఒక లైను, మూడింటికి ఇంకో లైను. ఒక లైను పోతే రెండోది మొత్తం బరువు మోయాలి. అందుకని ఛాసిస్ సగం కరెంటును ఎప్పుడూ చేతిలో ఉంచుకుని, మిగతా సగమే సర్వర్లకు పంచుతుంది.

ఒక సీజను ముందు ఇంకో రెండు సర్వర్లు కావాల్సి వచ్చాయి. ఛాసిస్‌లో రెండు స్లాట్లు ఖాళీగా ఉన్నాయి, కొత్త ఛాసిస్ అక్కర్లేదని ఓనరు గారికి చెప్పింది నేనే. ఖాళీ స్లాట్లు చూశాను. కరెంటు లెక్క చూడలేదు. తీరా పెట్టాక మొదటిది వెలిగింది, రెండోది వెలగలేదు. దానికి ఇవ్వడానికి కరెంటు లేదు. నా లెక్క తప్పిందండీ అని వెళ్లి చెప్పాల్సింది. చెప్పలేదు. సెట్టింగు మార్చి, దాచి ఉంచిన సగాన్ని కూడా పంచేయమన్నాను. రెండోదీ వెలిగింది. దీపాలన్నీ పచ్చగానే ఉన్నాయి. కొన్నాళ్లకే కదా అనుకున్నాను. మా పనిలో కొన్నాళ్లకని చేసినవే కలకాలం ఉండిపోతాయి.

సూరిబాబు గారు అక్కడి ఎలక్ట్రీషియన్. నాకంటే పెద్దాయన, అయినా నన్ను సార్ అనేవారు. ఒక ఉదయం సర్వర్ గది తలుపు దగ్గర నిలబడి అడిగారు.

"సార్, ప్యానెల్లో ఒక లైను జాయింటు కాలుతోందండి. కాసేపు ఆపుకోనా? మీ పెట్టెకేం కాదు గదా?"

"ఆపెయ్యండి. రెండో లైను మోస్తుంది."

"తర్వాత నన్నన్నారంటే ఊరుకోనండోయ్," అని నవ్వుతూ వెళ్లారు.

ఆ క్షణంలో సెట్టింగు సంగతి నాకు గుర్తు లేదా? ఎన్నోసార్లు ఈ ప్రశ్న వేసుకున్నాను, లేదని నన్ను నేను నమ్మించుకోవాలని చూశాను. కానీ గుర్తొచ్చింది. ఆపొద్దంటే ఎందుకని అడుగుతారు, ఎందుకో చెప్పాలి. పొద్దున్నే పని తక్కువ, మోసేస్తుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఆయన స్విచ్చి దించారు. మిగిలిన మూడు సప్లైలూ మోయలేక పడిపోయాయి. లైను మళ్లీ ఇచ్చినా డేటాబేసు పాడైపోయింది. అది బాగయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. అందాకా లారీలు గేటు లోపలే ఉన్నాయి. చేత్తో రాసి పంపుదామంటే ఏ పెట్టె ఎవరిదో తెలియదు. పెట్టెల కింద నుంచి ఐసు నీళ్లు కారుతూనే ఉన్నాయి.

ఓనరు గారు అందరి ముందూ నిలదీశారు. "ఎవర్నడిగి ఆపావయ్యా?"

"సార్ని అడిగే ఆపానండి," అన్నారు సూరిబాబు గారు.

ఓనరు గారు నావైపు తిరిగారు.

"నన్ను అడగలేదండి," అన్నాను.

సూరిబాబు గారు నన్ను చూశారు. కోపంగా కాదు. నేనింకేదో చెప్పబోతున్నానని ఆగినట్టు. నేను సర్వర్ గదిలోకి వెళ్లిపోయాను. ఆ సాయంత్రమే ఆయన్ని తీసేశారు. ఆయన తన పనిముట్లు సర్దుకుంటుంటే, నేను ఆ రెండో సర్వరు ఆపి, సెట్టింగు యథాస్థితికి తెచ్చాను. అదెందుకు పని చేయడం లేదని అడిగితే, ఆ దెబ్బకి కాలిపోయిందన్నాను. అదీ ఆయన తప్పులోనే కలిసింది.

ఇప్పుడు తాడేపల్లిగూడెంలో ఉంటున్నాను. ఈమధ్య మా అపార్టుమెంటు నీళ్ల మోటారు కాలిపోతే వైండింగు షాపుకి తీసుకెళ్లాను. లోపల రాగి తీగ చుడుతున్న మనిషి తలెత్తారు. సూరిబాబు గారే. స్టూలు తుడిచి నన్ను కూర్చోమన్నారు. కాసేపు మోటారు గురించే మాట్లాడారు. తర్వాత చేతిలో తీగ ఆపకుండానే అన్నారు.

"ఆ రోజు గోలలో నేనడిగిన సంగతి మీరు మర్చిపోయుంటారు లెండి. మా ఆవిడకీ అదే చెప్పాను. అడక్కుండా ఆపే మనిషని పేరు పడ్డాక ఏలూరులో ఎవరూ పెట్టుకోలేదండి. అంతే."

"అవునండీ, అదే అయ్యుంటుంది," అన్నాను.

చూశారా? ఇన్నేళ్ల తర్వాత, అడగకుండానే ఆయన ఒక దారి ఇస్తే, మళ్లీ దాని వెనకే దాక్కున్నాను. ఆయన క్షమించింది మర్చిపోయిన మనిషిని. ఆ మనిషి నేను కాదు.

నా పేరు ఇక్కడ రాయలేదు, ఆ ధైర్యం ఇంకా రాలేదు. ఆయన పేరు మాత్రం మార్చలేదు. మచ్చ పడింది ఆ పేరు మీదే.

సూరిబాబు గారు అడిగారు. నేను ఆపమన్నాను. నాకు గుర్తుంది.