రాణిగారి సొంత జడ

మొన్న ఆదివారం అవనిగడ్డలో నా పరువు పోయిందండీ. ఎక్కడికో కూడా కాదు, సరాసరి మా బావమరిది గుప్పెట్లోకి!

నా సంగతి మీకు తెలుసుగా. బందరు కోర్టులో గుమాస్తాని, సెలవొస్తే మా క్లబ్బు డ్రామాల్లో రాణిని. నడుం దాకా జుట్టు, అంతా సొంతం. మిగతా ఆడవేషాలవాళ్లు సవరాలు పెట్టుకుంటుంటే "పరాయి జుట్టుతో పాతివ్రత్యమేమిటోయ్?" అని ఎకసెక్కాలాడేవాణ్ణి.

జుట్టు బాగానే ఉంది. నడుమే రాణిగారిది కాకుండా పోతోంది! అప్పుడు తగిలారు మా వీధి మాస్టారు. "పొయ్యిమీద ఉడికిందేదీ ముట్టకు. పాలూ పెరుగూ దూడల సొత్తు. ఆకులు తిను, పదహారేళ్ల పిల్లలా అవుతావు" అన్నారు. ఆయన బట్టతల నా ఎదుటే నిగనిగలాడుతోంది. చూస్తేగా నేను!

మూడు నెలలు పచ్చి తోటకూర నమిలాను. మా ఆవిడ "కాస్త పప్పన్నా వేసుకోండీ" అంటే "నీకు శాస్త్రం తెలీదు" అని కసిరాను. నడుం తగ్గిన మాట నిజమే. దువ్వెన నిండా జుట్టు రావడమూ నిజమే. "పాతది పోతేగా కొత్తది వచ్చేది!" అన్నారు మాస్టారు. అదీ నమ్మాను.

అవనిగడ్డ డ్రామాలో మా బావమరిది దుష్ట సేనాపతి. రాణిని జడ పట్టి ఈడ్వాలి. తెర లేచేముందు నేనే అన్నాను, "గట్టిగా లాగరా, సవరం కాదు!"

లాగాడు. సగం జడ వాడి చేతిలో ఉంది, నేను స్టేజికి ఆ చివర ఉన్నాను. సేనాపతి "బావా, నేను మెల్లిగానే లాగాను! అక్కయ్యకి చెప్పకు!" అని ఏడుపు మొదలెట్టాడు. "రాణిగారికి పేనుకొరుకుడురోయ్!" అని జనంలోంచి ఒకడు. ఇంకేం డ్రామా!

డాక్టరుగారు తల చూసి తిట్టారు. "ఆకులేం చేశాయయ్యా? పప్పూ పెరుగూ కూడా మానేస్తే జుట్టు దేంతో బతుకుతుంది?" క్లబ్బు సెక్రటరీ ఇంకో మెట్టు ఎక్కాడు. వచ్చే నెల గుడివాడ ఆటకి జడ లేకపోతే రాణి పార్టు ఇంకొకడికి ఇచ్చేస్తానన్నాడు. నాకు నిజంగా ఏడుపొచ్చింది.

మా ఆవిడ గూట్లోంచి ఒక మూట తీసింది. మూడు నెలలుగా నా దువ్వెనలోంచి ఏరి దాచిన జుట్టట! "నా మాట ఎలాగూ వినరని తెలుసు" అంది. తమ్ముడి గుప్పెట్లోదీ కలిపి సవరం అల్లించింది.

కనక గుడివాడ వచ్చి చూడండి. అన్న మాట మీదే ఉన్నాను. పరాయి వెంట్రుక ఒక్కటి పెట్టుకుంటే ఒట్టు!