ఎర్ర రంగు వద్దన్న రెడ్డెమ్మ

టమోటా ఆకులో ఏ కణం బతికుందో ఏది చచ్చిందో చూపించే ఫ్లోరసెంట్ రంగును మా కాలేజీ ల్యాబుకు ఏడాదికి ఒక్కసారే తెప్పిస్తారు. ఈ రోజు మదనపల్లెలో మా ల్యాబులోనే కూర్చుని ఆ ఆర్డర్ రాస్తూ, చచ్చిన కణాలకు ఎర్రగా మెరిసే రంగు అని పెట్టేసినాను.

సోమల నుంచి బస్సులో వచ్చే మా స్టూడెంట్ రెడ్డెమ్మ అది చూసి, ఏ రంగూ వేయని ఆకుముక్కను నీలి వెలుతురు పడే మైక్రోస్కోపు కింద పెట్టి నన్ను పిలిచింది.

"సూడండి మేడమ్, ఉత్త ఆకే ఎర్రగా మెరుస్తాండాది. దాంట్లో ఎర్ర రంగే ఏస్తే సచ్చిన కణం యాదో ఎట్ల తెలుస్తాది?"

పత్రహరితం ఆ వెలుతురులో ఎర్రగా మెరుస్తుందని పోయిన నెల క్లాసులో చెప్పింది నేనే.

"అయితే ఏది తెప్పిద్దామమ్మా?"

"సచ్చినవాట్లోకే పోయి ఆకుపచ్చగా మెరిసేది ఉండాది మేడమ్."

అదే రాసి పంపించినాను. తప్పు దొరికిపోయినందుకు ఇంత గర్వపడింది నా సర్వీసులో ఈ రోజే. మీ పిల్లలు మిమ్మల్నెప్పుడైనా ఇట్ల దిద్దినారా?